మొదటి శీలం దగ్గర మౌనం

1996 జూన్‌లో నన్ను ప్రూఫ్ రీడింగ్ నుంచి ఎడిటర్ సీట్లోకి మార్చారు. విజయవాడలో మాదొక మధ్యరకం ప్రచురణ సంస్థ. ప్రూఫ్ రీడర్‌కు అచ్చుతప్పులతోనే పని. ఎడిటర్ మాత్రం కథ నిలబడుతుందో లేదో చెప్పాలి, తేడా వస్తే రచయితతో తగువు కూడా తనే పడాలి. ఆ తగువు కోసమే నన్ను ఎంచుకున్నారని ఇప్పటికీ నా అనుమానం.

నాకు అప్పగించిన మొదటి స్క్రిప్టు రత్నకుమారి గారి నవల. ఆవిడ కైకలూరు దగ్గర హైస్కూల్లో తెలుగు టీచరు. తండ్రి కొల్లేట్లో చేపలు పట్టే మనిషి, బౌద్ధుడు కూడా. నవల్లో హీరోదీ అదే వృత్తి. బౌద్ధం మీద గురి కుదిరి, పౌర్ణమి పౌర్ణమికీ ఊరి ధ్యానమందిరంలో అందరితో కలిసి పంచశీలాలు చెబుతాడు. ప్రాణం తీయను అన్నది వాటిలో మొదటిది. తెల్లారితే వల భుజాన వేసుకుని బయల్దేరతాడు.

మా ప్రొప్రయిటర్ గారికి ఇది మింగుడుపడలేదు. హీరో చివర్లో వలైనా వదలాలి, బౌద్ధమైనా వదలాలి, లేకపోతే పుస్తకం వేసేది లేదని తేల్చేశారు. ఆ కబురు చెప్పే పని నా నెత్తిన పడింది. ఏళ్ల తరబడి రాసుకున్న తొలి నవల, అప్పటికే వేరే చోట్ల నుంచి తిరిగొచ్చింది. మేమూ కాదంటే ఇక రాయనని ఆవిడ ముందే చెప్పి ఉన్నారు.

పటమటలో చుట్టాలింటికి వచ్చినప్పుడు ఆవిడను ఆఫీసుకు పిలిచి షరతు చెప్పాను. మొహం చిన్నబోయింది గానీ తగ్గలేదు.

"వల వదిలేస్తే ఇంట్లో ఏం తింటారండీ? బౌద్ధం వదిలేస్తే ఇంక నవలెందుకండీ?" అన్నారు.

న్యాయమే. నాకు మాత్రం అసలు తేడా ఇంకోచోట కనిపించింది. శీలాలు చెప్పొచ్చిన ప్రతిసారీ హీరో తనను తాను సమర్థించుకుంటూ పేజీలకు పేజీలు ఉపన్యాసం దంచుతున్నాడు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది, ఆ మాట దాచకుండా చెప్పాను. మీ నాన్నగారు కూడా ఇలాగే మాట్లాడతారా అని అడిగాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"లేదండీ. మొదటి శీలం దగ్గర నోరు మూసుకుంటారు. మిగతా నాలుగూ గట్టిగా చెప్తారు. అదేంటి నాన్నా అంటే, మొదటిది చెప్తే నాలుగోది పోద్దమ్మా అంటారు."

నాలుగోది, అబద్ధమాడను అన్నది.

ఇది నవల్లో ఎందుకు లేదంటే, చదివినవాళ్లు నాన్నను చూసి నవ్వుతారని భయమేసిందట. నాకు నిజంగా ఆనందమేసింది. ఉపన్యాసాలన్నీ కొట్టేసి, ఆ మౌనం ఒక్కటీ రాసుకు రమ్మన్నాను.

దసరా సెలవుల్లో తిరగరాసి తెచ్చారు. ప్రొప్రయిటర్ గారు ఇంటికి పట్టుకెళ్లి చదివారు. మర్నాడు ముగింపు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఎన్ని ఫారాలు వస్తుందని అడిగారు. ఫారం అంటే పదహారు పేజీలు. ఆయన ఆ లెక్కలోకి దిగారంటే పుస్తకం వేస్తున్నట్టే.

పుస్తకం వచ్చాక ఆవిడ ఓసారి ఆఫీసుకు వచ్చి ఊరి సంగతి చెప్పారు. నవలను వాళ్ల ధ్యానమందిరంలో పైకి చదివించుకున్నారట. ఆ తర్వాతి పౌర్ణమికి, అంతవరకూ మొదటి శీలాన్ని గొణిగేసి సరిపెట్టుకున్న వలవాళ్లంతా మాట్లాడకుండా కూర్చున్నారట. శీలాలు చెప్పించే పెద్దాయన కోప్పడలేదు. కాసేపు ఆగి, రెండోది అందుకున్నారు. అప్పటినుంచి ప్రతిసారీ అక్కడ ఆగుతున్నారట.

ఆదర్శానికీ బతుకుకీ పొత్తు కుదరని చోట రచయితలు సర్దిచెప్పడానికి తొందరపడతారు. ఆ తొందరను ఆపడం ఎడిటర్ పని. రిటైరయ్యేదాకా ఎవరి స్క్రిప్టులో ఉపన్యాసం మొదలైనా, ఆ మనిషి అప్పుడు అసలేం చేశాడని అడుగుతూ వచ్చాను.