నలభై ఏడు నిమిషాల ఇరవై సెకన్ల క్యాసెట్టు

2004 జూన్‌లో నన్ను తాడేపల్లిగూడెం కౌంటరు నుంచి ఏలూరు సర్వీసు సెంటరుకి సీనియర్ టెక్నీషియన్‌గా మార్చారు. గూడెంలో నేను చూసింది టీవీలు, వీడియో డెక్కులు. ఏలూరులో అప్పగించింది కామ్‌కార్డర్ల బల్ల. పదకొండేళ్ళ తరువాత ఆ బల్లే ఎత్తేస్తే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. నా చదువు పదో తరగతి. మిగిలినదంతా సర్వీసు మాన్యువల్సు ముందు పెట్టుకుని, తెలియని మాట పక్కన పెన్సిలుతో గీత పెట్టుకుంటూ నేర్చుకున్నదే. కొలిచి రాసుకోకుండా స్క్రూ తిప్పకపోవడం ఆ చదువులోంచే వచ్చిన అలవాటు.

అప్పట్లో మా ప్రాంతంలో సరదాకి వీడియో తీసేవాళ్ళను చేతిలోని కెమెరాను బట్టి గుర్తుపట్టవచ్చు. భుజాన మోసే వీహెచ్ఎస్ కెమెరాలవాళ్ళు అప్పటికే తగ్గిపోయారు. ఆ కెమెరాతో తీసేవాడు ఒక కన్ను మూసి చిన్న గొట్టంలోంచి చూసేవాడు. ఎదుటివాళ్ళకు తామెలా పడుతున్నామో తెలిసేది కాదు గనుక ఫొటోకి నిలబడ్డట్టు కదలకుండా ఉండేవారు. తరువాత అరచేతిలో పట్టే మినీ డీవీ కెమెరాలు వచ్చాయి. వాటికి పక్కన తలుపులా తెరుచుకునే తెర ఉంటుంది. దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పితే ఎదుట ఉన్నవాళ్ళు తమను తామే చూసుకోవచ్చు. అమ్మేవాళ్ళు మొదట చూపించేది ఆ తెరనే.

దెందులూరులో వరి పండించే సత్యనారాయణ గారు అలాంటి కెమెరాయే కొన్నారు. ఆయనకు అప్పుడు యాభై నాలుగేళ్ళు. తొమ్మిదేళ్ళుగా చలికాలంలో కొల్లేరు వెళ్ళి గూడబాతులను, కొంగలను తీసేవారు. క్యాసెట్ల మీద తేదీ, చోటు, పక్షి పేరు రాసి పెట్టుకునేంత శ్రద్ధ. ఒక్క విషయంలోనే నా మాట వినేవారు కాదు. అరవై నిమిషాల క్యాసెట్టులో తొంభై నిమిషాలు పట్టించే లాంగ్ ప్లే పద్ధతిలో తీసేవారు. అలా తీస్తే టేపు మీద గీతలు మరీ సన్నగా పడతాయి, తీసిన కెమెరాలో తప్ప మరో దానిలో సరిగ్గా ఆడవు. ఈ మాట చెప్పినప్పుడల్లా, నాకున్నది ఒకటే కెమెరా కదండీ అనేవారు.

2005 జనవరి ఆఖరులో ఒక గురువారం ఆయన ఆ కెమెరాను తువ్వాలులో చుట్టి తెచ్చారు. మంగళవారం కొల్లేటికోట దగ్గర పక్షులను చూడడానికి బంధువులతో పడవ ఎక్కారు. మరో కుటుంబం కూడా అదే పడవలో ఉంది. సరస్సు మధ్యలో పడవ ఒరిగి అందరూ నీళ్ళలో పడ్డారు. నీరు ఛాతీ లోతే. వెనక వస్తున్న మరో పడవ వాళ్ళను ఎక్కించుకుంది. కానీ ఆయన బావగారు, అరవై రెండేళ్ళ మనిషి, బురదనీరు మింగి ఏలూరు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ బావగారి కొడుకు పడవలకు అనుమతులిచ్చే అధికారికి అర్జీ పెట్టాడు. పడవకు అనుమతి పన్నెండు మందికైతే నడిపేవాడు ఇరవై రెండు మందిని ఎక్కించాడని అందులో రాశాడు. సోమవారం పదకొండు గంటలకు విచారణ. అర్జీ నిజమని తేలితే గెడ వేసి పడవ నడిపే నాగరాజు అనుమతి పోతుంది, పైగా కేసు అవుతుంది.

ఇరవై రెండు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. ఒడ్డుకు చేరాక రెండు పడవల జనమూ కలిసి నిలబడ్డారని, అక్కడ లెక్కపెట్టారని ఆయన చెప్పారు. అసలు ఎందరు ఎక్కారో క్యాసెట్టులో ఉంది. క్యాసెట్టు కెమెరాలో ఉంది. కెమెరా కొల్లేటి నీళ్ళు తాగింది.

తడిసిన కెమెరా తెచ్చినవాళ్ళను మేము అడిగే మొదటి ప్రశ్న ఆన్ చేశారా అని. ఆయన బుధవారమంతా ఎండలో పెట్టి, ఆరిందనుకుని ఆన్ చేశారు. తడి టేపు, దాన్ని చదివే తలకాయలుండే డ్రమ్ముకు అతుక్కుపోయి, యంత్రం సగంలో ఆగిపోయింది.

క్యాసెట్టు తీయడానికి రోజంతా పట్టింది. పక్క మూత విప్పి, మోటారుకు రెండు పెన్సిలు బ్యాటరీల కరెంటు ఒక్కొక్క క్షణం ఇస్తూ యంత్రాన్ని వెనక్కి నడిపించాను. డ్రమ్ముకు అంటిన చోట టేపును డిస్టిల్డ్ వాటరు చుక్కలతో నానబెట్టి విడదీశాను. ఎక్కడా తెగలేదు. శుక్రవారం క్యాసెట్టు విప్పి, టేపును కడిగి, ఫ్యాను గాలికి ఆరబెట్టి, కొత్త డబ్బాలోకి మార్చాను. కెమెరా మాత్రం బాగుపడేది కాదు. అంటే ఆ సన్నటి గీతలను వేరే కెమెరాతో చదివించాలి. సెంటరు యంత్రాల అమరిక కదిపే అధికారం నాకు లేదు. అదే కంపెనీ కెమెరా నాకు సొంతంగా ఒకటి ఉంది. దానిలో టేపును డ్రమ్ము పక్కన నిలబెట్టే రెండు గైడ్లను కొంచెం కొంచెం తిప్పి, సత్యనారాయణ గారి కెమెరా వంకరకు సరిపెట్టాలి.

నీళ్ళలో నానిన టేపు ఆడిన ప్రతిసారీ పొడి రాలుస్తుంది. కావలసిన భాగాన్ని మూడుసార్లకు మించి ఆడించకూడదని కాగితం మీద రాసుకున్నాను. ఒకటి చూడడానికి, రెండోది లెక్కకు, మూడోది కాపీకి. గైడ్ల అమరికంతా క్యాసెట్టు మొదట్లో ఉన్న దెందులూరు కోతల దృశ్యాల మీద చేశాను.

శనివారం మధ్యాహ్నం ఒకతను గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

“కరీం గారంటే మీరేనాండీ?”

“అవునండీ, మీరు?”

“ఆయ్, నాగరాజునండి. కొల్లేటికోట. మా ఊళ్ళో ఇప్పుడు ఆ పేరు లేదు లెండి. ఇరవై రెండూ అని పిలుస్తున్నారు. పొద్దున్నే టీ కొట్టు కాడ, ఏరా ఇరవై రెండూ, టీ ఒకటి చాలా ఇరవై రెండు పోయమంటావా అన్నాడు మా తోడల్లుడే.”

కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఆ క్యాసెట్టులో మనుషులు కనపడతారా అని అడిగాడు. సోమవారం లోపల చెప్పలేనన్నాను.

“మాటలు కూడా పడతాయాండీ అందులో?”

“పడతాయండీ, చెడిపోకపోతే.”

“ఒక పక్కకి రావద్దని మొత్తుకున్నానండి. గెడ పట్టుకున్నోడి మాట ఎవరు నమ్ముతారులెండి.”

ఎవరు ఏ పక్కకు వచ్చారని అడిగాను. పెద్దవాళ్ళ మాటలు నాకెందుకండీ అంటూ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం సెంటరుకు సెలవు. మేనేజరు అనుమతితో తలుపు తీశాను. సత్యనారాయణ గారు పది గంటలకు వచ్చారు. ఇద్దరమే ఉన్నాం. మొదటిసారి ఆడించాను. అక్కడక్కడా చదరాలు చదరాలుగా పగిలినా బొమ్మ నిలబడింది. నలభై ఒకటో నిమిషం దగ్గర జనం పడవ ఎక్కుతున్నారు. రెండోసారి అక్కడ ఆపుతూ లెక్కపెట్టాను. పదకొండు మంది. తీస్తున్న ఆయనతో పన్నెండు. గెడ వేసేవాణ్ణి అనుమతిలో లెక్కపెట్టరు. సరిగ్గా పరిమితి.

ఆయన ఊపిరి వదలడం వినిపించింది. నేను టేపును ఆపలేదు. తరువాతి భాగం మొదటిసారి ఆడినప్పుడు నా చూపు చదరాల మీదే ఉంది. ఇప్పుడు బొమ్మ చూశాను.

పడవలో రెండు పక్కలా పొడుగాటి బల్లలు. ఆయన ఒక పక్క అంచు మీద కూర్చుని ఎదుటి బల్ల వాళ్ళను తీస్తున్నారు. నలభై ఏడు నిమిషాలు కావస్తుండగా వాళ్ళందరి చూపూ ఒక్కసారిగా మారింది. వాళ్ళు లెన్సును చూడడం లేదు. దానికి ఎడమ పక్కన, బొటనవేలంత దూరంలో ఉన్న దేనినో చూసి నవ్వుతున్నారు. అక్కడ ఉండేది తెరే. ఆయన గొంతు వినపడింది. “ఇదిగో, మీరే కనపడుతున్నారు చూసుకోండి. బావగారూ, మీరూ ఇటు రండి.” ఒకరి తరువాత ఒకరు లేచి వచ్చారు. మొహాలు పెద్దవయ్యాయి. వెనక నుంచి నాగరాజు గొంతు, “అయ్యా, అందరూ ఒక పక్కకి రాకండయ్యా.” మళ్ళీ, “కూర్చోండమ్మా, పడవ ఒరుగుతోంది.” మూడోసారి “అయ్యా” అన్న మాటే ఉంది. నీటి గీత ఏటవాలుగా లేచింది. తరువాత రెండు సెకన్లు ఆకుపచ్చ రంగు. నలభై ఏడు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర రికార్డింగు ఆగిపోయింది. నాగరాజు మొదటి హెచ్చరిక నుంచి నీళ్ళలో పడేదాకా పదకొండు సెకన్లు.

యంత్రం ఆపాను. తరువాత ఆయనే మెల్లగా అన్నారు.

“కరీం గారూ, పడవ ఎక్కేవరకూ కాపీ చేయండి. లెక్క తేలడానికి అది చాలు కదండీ.”

అర్జీలో ఉన్న నేరం ఎక్కువమందిని ఎక్కించడం. దానికి ఆ ముక్క జవాబు చెబుతుంది. కానీ పన్నెండు మందే ఎక్కితే పడవ ఎందుకు ఒరిగిందని అధికారి అడుగుతారు. అప్పుడు తప్పు మోయడానికి మిగిలేది నాగరాజు గెడే. ఈ మాట నేను పైకి అనలేదు. మా పద్ధతి మాత్రం చెప్పాను. కాపీ చేసిన ప్రతి క్యాసెట్టుకూ జాబు షీటు ఉంటుంది. అందులో టేపు మొత్తం నిడివి, కాపీ చేసిన నిడివి రెండూ రాయాలి. షీటు కాపీతో పాటు వెళుతుంది.

“మొత్తం నిడివి రాయకపోతేనో?”

“రాయని షీటు మీద నేను సంతకం పెట్టనండీ.”

ఆయన ఖాళీ తెర వైపే చూస్తున్నారు. “మా మేనల్లుడు అర్జీ రాసినప్పుడు నేను పక్కనే ఉన్నానండీ. ఇరవై రెండు అని రాస్తుంటే చూశాను. తప్పని తెలుసు. ఆసుపత్రిలో మా బావగారు నాతో గూడబాతుల గురించే మాట్లాడుతున్నారు. ఇంకేమీ అనడం లేదు.”

విచారణ కార్యాలయంలో ఉన్నది పాత వీహెచ్ఎస్ డెక్కు. అందుకని కాపీ కూడా వీహెచ్ఎస్ మీదకే చేయాలి. తీగలు బిగించి, టేపు మొదటి నుంచీ కాపీకి పెట్టి మూడోసారి మొదలుపెట్టాను. ఎక్కడ ఆపాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. జనం ఎక్కే భాగం శుభ్రంగా వచ్చింది. నలభై అయిదున్నర దగ్గర బొమ్మ పగలడం మొదలైంది. నలభై ఆరు దాటేసరికి మొహాలు ఆనవాలు పట్టలేనంతగా చదరాలు కమ్మాయి, మాట తెగిపోతోంది. రాలిన పొడి తలకాయలకు పట్టింది. రెండు యంత్రాలనూ ఆపేశాను.

కాగితం మీద రాసుకున్న మూడుసార్లూ అయిపోయాయి. తలకాయలు శుభ్రం చేసి నాలుగోసారి ఆడిస్తే టేపు నిలుస్తుందో లేదో నాకు తెలియదు. ఇక్కడితో వదిలేస్తే టేపు చెడిపోయిందని షీటులో నిజంగానే రాయవచ్చు. ఆ రెండు సంగతులూ ఆయనకు ఉన్నవి ఉన్నట్టే చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “శుభ్రం చేయండి. నేను కూర్చుంటాను.”

క్యాసెట్టు బయటికి తీసి, మెత్తటి తోలు ముక్కను స్పిరిటులో ముంచి డ్రమ్మును రెండుసార్లు తుడిచాను. పాత టేపు ఒకటి వేసి నిమిషం ఆడించి చూశాను. తరువాత అసలు టేపునూ, కాపీనీ నలభై అయిదుకు వెనక్కి తిప్పి, మళ్ళీ కాపీకి పెట్టాను. ఆయన లేచి నా వెనక నిలబడ్డారు. నలభై ఆరు దాటింది. నలభై ఏడు దగ్గర ఒక చదరాల వరస అడ్డంగా వచ్చి పోయింది. ఆయన పిలుపూ, నాగరాజు మూడు హెచ్చరికలూ వచ్చాయి. ఆకుపచ్చ రంగు కూడా వచ్చింది. షీటులో మొత్తం నిడివి నలభై ఏడు నిమిషాల ఇరవై సెకన్లు, కాపీ అంతే అని రాసి, నలభై అయిదు దగ్గర అతుకు ఉందని, దానికి కారణమూ రాశాను. ఆయన కింద సంతకం చేశారు.

సోమవారం డెక్కు ఆడించడానికి నన్నూ రమ్మన్నారు. అధికారి ఆపించి ఆపించి లెక్కపెట్టి, పదకొండు అని గుమాస్తాకు చెప్పారు. సత్యనారాయణ గారు లేచి నిలబడ్డారు. “పన్నెండండీ. తీసింది నేను. ఇంకా ఉంది, చివరిదాకా చూడండి.” తరువాతి భాగం ఆడించాను. మేనల్లుడు తల వంచుకున్నాడు. నాగరాజు తన గొంతు వచ్చిన మూడుసార్లూ తలుపు వైపు చూశాడు. సత్యనారాయణ గారు తనే తెర తిప్పి అందరినీ పిలిచానని, ఇరవై రెండన్న లెక్క తప్పని తెలిసి కూడా ఊరుకున్నానని వాంగ్మూలం ఇచ్చారు. అర్జీ కొట్టేశారు. ఆ బుధవారం నుంచే నాగరాజు పడవ మళ్ళీ తిరిగింది. బావగారు కోలుకున్నారు. సత్యనారాయణ గారు మళ్ళీ కెమెరా కొనడానికి రెండేళ్ళు పట్టింది. కొన్నాక లాంగ్ ప్లే వాడలేదు.

ఆ తరువాత నేను కొత్త కెమెరా అప్పగించేటప్పుడు రెండు మాటలు అదనంగా చెప్పేవాణ్ణి. తీసిన క్యాసెట్టును ఇంకొక యంత్రంలో ఆడించి చూసుకోండి. పడవ మీదా, మేడ అంచునా తెర ఎదుటివాళ్ళ వైపు తిప్పకండి. 2009 నాటికి మా బల్ల మీదకు వచ్చేవాటిలో సగానికి పైగా మెమరీ కార్డు కెమెరాలే. వాటిలో లాంగ్ ప్లే లేదు, గైడ్లు లేవు, పొడి రాలదు. తీసే ప్రతి ముక్కా విడి ఫైలు. ఆ పడవ మీద ఉన్నది కార్డు కెమెరా అయితే ఆ పదకొండు సెకన్లు ఒక ఫైలులో ఉండేవి. దాన్ని తీసేయడానికి ఒక్క మీట చాలు, నాలాంటివాడి చేతి మీదుగా వెళ్ళే పని లేదు. టేపులో ముక్క తీసేస్తే నిడివి లెక్క ఎక్కడో తెగి కనపడేది. ఫైలు పోతే కనపడేది ఏమీ ఉండదు. ఈ తేడాను కొనేవాళ్ళెవరూ అడగలేదు, అమ్మేవాళ్ళూ చెప్పలేదు.

నేను నేర్చుకున్నది పనికి సంబంధించినదే. కాపీ చేసేవాడు ఎక్కడిదాకా కావాలని అడిగే ముందు మొత్తం ఎంత ఉందో కాగితం మీద పెట్టాలి. కార్డులు వచ్చాక జాబు షీటులోంచి మొత్తం నిడివి గడి తీసేశారు. నేను రిటైరయ్యేదాకా దాన్ని చేత్తో గీసి నింపాను.