పసుపు తెడ్డు, మసి తెడ్డు

ఈ ఉదయం కోడలు పులిహోర కలిపి చెక్క తెడ్డును గట్టుమీద పెట్టింది. పోపు వాసనా, ఆ తెడ్డు కొసన అంటిన పసుపూ నన్ను గంజాం జిల్లా ఒరిస్సాలో కలవకముందు మదరాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలానికి, అంటే 1936కు ముందటి బరంపురానికి, తీసుకుపోయాయి. ఏ సంవత్సరమో రూఢిగా తెలియదు. తెలియనిది రాయడం నాకు అలవాటు లేదు.

పుష్యమాసపు మంచులో ఎద్దుల మెడగంటలు మోగుతుండగా, అరిటాకులో కట్టిన పులిహోర, నువ్వుండలు, వేయించిన వేరుశెనగకాయలు పెట్టుకొని, బడిపంతులైన మా నాన్న ఏటేటా బండి కట్టించి రామయ్యపట్నం ఉప్పుటేటికి తెడ్డుమూతి కొంగలను చూపించడానికి తీసుకువెళ్లేవారు. పల్లెవాళ్లకు ఆ ముక్కు పడవ తెడ్డు. మాకు వంటింటి తెడ్డు. బండి ముందు, నాన్న పక్కన, చోటు నాది.

ఆ ఏడు ఆ చోట మా మేనత్త కొడుకు సూరిబావ కూర్చున్నాడు. రంగూను రేవులో గుమాస్తాగా ఉన్న వాళ్ల నాన్న, చైనా ఓడవాడి దగ్గర సంపాదించిన రంగుల బొమ్మ ఒకటి పంపాడు. అందులోనూ తెడ్డుమూతి కొంగే. కాని కళ్లదాకా మొహం నలుపు, ముక్కు కొస కూడా నలుపే. దారిపొడుగునా నాన్న దాన్నే చూశారు. వెనక గడ్డిలో కూర్చున్న నేను ఆ బొమ్మ అబద్ధం కావాలని మొక్కుకున్నాను.

ఏటిలో కొంగలు తలలు అటూ ఇటూ తిప్పుతూ, పాయసం కలిపినట్టు నీళ్లు కలుపుతున్నాయి. తెల్లని మొహం, జానెడు నల్లముక్కు, కొసన పసుపు.

“సూడు బావా! నీ కొంగ తెడ్డు అడుగంటి మాడిపోనాది!” అన్నాను.

“నీ కొంగ పులోర తినేసి మూతి కడుక్కోనేదురా!” అన్నాడు వాడు. బండివాడు పగలబడి నవ్వాడు.

నాన్న బొమ్మనూ ఏటినీ మార్చి మార్చి చూసి, “రెండూ అక్కసెల్లెళ్లేరా. ఒకర్తి మనూరొచ్చింది, ఒకర్తి ఆ దేశం ఎల్లింది” అన్నారు. నాకు కావలసింది తీర్పు. ఆయన చెప్పింది చుట్టరికం.

తిరుగుదారిలోనైనా నా చోటు నాకు వస్తుందనుకున్నాను. బావ నాన్న భుజంమీద తల వాల్చి నిద్రపోయాడు. నా చూపు గమనించి నాన్న వెనక్కి తిరిగి, “ఆళ్లయ్య రంగూన్లో ఉండిపోనాడు కదరా” అన్నారు మెల్లగా.

నల్లమొహపు కొంగ వేరే జాతి అనీ, చైనా వైపు తీరాలలో నిజంగానే ఉందనీ పెద్దయ్యాక చదివాను. నిరుడు ఏటిగట్టుకు వెళ్లాను. బండిబాట తారురోడ్డయింది, కొంగలు కనబడలేదు. నాన్న లేరు. బావా లేడు.

“తెడ్డు కడిగెయ్యనా మావయ్యగారూ?” అంది కోడలు.

“ఉండనీ అమ్మా” అన్నాను. పసుపు కొస నాదే. బండి ముందు చోటు మాత్రం ఇప్పటికీ బావదే.