స్లయిడు మీద చేసిన ప్రార్థన

ఆత్మకూరులో నేను పనిచేసే ల్యాబులో గోడగడియారం ఉంది. చాలా ఏళ్లు నేను దాని వంక చూడలేదు. ఉదయగిరిలో మా సంఘం ఆదివారం బడిలో కంఠతా పట్టిన కీర్తనతోనే కాలం కొలిచేదాన్ని. స్లయిడు మీద ఊదా రంగు పోసి కీర్తన నింపాదిగా ఒకసారి చెప్పుకుంటే నిమిషం. అయోడిన్‌కు మరోసారి. రంగు కడిగే స్పిరిట్‌కు మాత్రం ప్రభువు నేర్పిన ప్రార్థనలో సగం చాలు, పది సెకన్లు. చివర ఎర్ర రంగు.

రోగి చీములో ఉన్నది ఏ రకం బ్యాక్టీరియానో తేలేదంతా ఆ పది సెకన్లలోనే. ప్రతి బ్యాక్టీరియాకూ కొవ్వుతో అల్లిన పలుచని పొర ఉంటుంది. కావలసినదాన్ని లోపలికి రానిస్తుంది, అక్కరలేనిదాన్ని ఆపుతుంది. అది చిరిగితే ప్రాణం లేదు. కొన్నిటికి ఆ పొర మీద మందమైన గోడ ఉంటుంది. స్పిరిట్ తగిలితే ఆ గోడ బిగుసుకుని ఊదా రంగును పట్టి ఉంచుతుంది. మరికొన్నిటి గోడ పలుచన, దాని పైన ఇంకో కొవ్వు పొర. స్పిరిట్‌కు ఆ పైపొర కరిగి ఊదా కారిపోతుంది, తర్వాత పోసిన ఎరుపు ఎక్కుతుంది. ఆ పైపొర కొన్ని మందులను లోపలికి పోనివ్వదు. అందుకే ఊదాకు ఒక మందు, ఎరుపుకు మరొకటి. కంటికి కనిపించనిదానికి కూడా సృష్టికర్త ఇంత శ్రద్ధగా వాకిలి పెట్టాడే అని మైక్రోస్కోపు ముందు ఎన్నోసార్లు తల వంచాను.

పోయిన ఏడాది మా సంఘపెద్ద చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. నాకు వాక్యం నేర్పింది ఆయనే. మా ఊరి వాళ్లు చేసి అమ్మే కొయ్య గరిటెలు, ఫోర్కులు చెక్కుతుంటే ఉలి జారి కుడి బొటనవేలు తెగింది. వారానికి వాచి చీము పట్టింది.

"ఇన్ని రోజులు ఏం చేస్తా ఉండావు పెదనాయనా?"

"పసుపు పెట్టినాను, ప్రార్థన చేసినాను. రెండూ అయినాక నీ కాడికి వచ్చినాను."

డాక్టరమ్మ వేలు చూసి, ఎముకలోకి దిగితే తీసేయాల్సి వస్తుందని చెప్పింది. చీములోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ రిపోర్టుకు రెండు రోజులు పడుతుంది కాబట్టి, స్లయిడు చూసి ఇంజెక్షన్ మొదలుపెడతానంది.

చీము స్లయిడుకు పూసి, ఊదా ఎక్కించి, స్పిరిట్ పోసి ప్రార్థన మొదలుపెట్టాను. సగంలో ఆగలేకపోయాను. ఆ వేలి కోసం సొంత మాటల్లో వేడుకుంటూ కళ్లు మూసుకుని నిలబడిపోయాను. మైక్రోస్కోపులో ఎర్రటి గుండ్రని గుత్తులు కనిపించాయి. ఎరుపు అని రాసిచ్చాను.

చేతులు కడుక్కుంటుంటే తట్టింది. అలా ద్రాక్షగుత్తుల్లా ఉండేవి ఎప్పుడూ ఊదాగానే వస్తాయి. స్పిరిట్ ఎక్కువసేపు ఉంటే మందపు గోడ కూడా రంగు వదిలేస్తుంది. స్పిరిట్ ఘాటు ఎక్కువైందని చెబితే ఎవరూ అడగరు. ప్రార్థన వల్ల తప్పు జరిగిందంటే నవ్వేది నన్ను చూసి కాదు, నా విశ్వాసాన్ని చూసి. అయినా అబద్ధంతో డాక్టరమ్మ గదిలోకి పోలేకపోయాను.

"మేడం, ఆ రిపోర్టు తప్పు. స్పిరిట్ ఎక్కువసేపు ఉంచినాను."

"ఎందుకు?"

"ప్రార్థన చేస్తా ఉండిపోయినాను."

ఆమె కలం కింద పెట్టింది. "కళ్లు తెరిచి చేస్తే మీ దేవుడు వినడా?"

బల్ల మీద కూర్చున్న పెదనాయన అందుకున్నాడు. "వింటాడమ్మా. కళ్లు మూసుకోమని దీనికి నేర్పింది నేనే. తిట్టేది నన్ను తిట్టండి."

"తిట్లు తర్వాత. పోయి మళ్లీ వెయ్యి."

మిగిలిన చీముతో, గడియారం చూస్తూ మళ్లీ వేశాను. ఊదా వచ్చింది. ఆమె మందు మార్చి రాసింది. రెండు రోజులకు కల్చర్ కూడా అదే చెప్పింది.

నా ప్రార్థన తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ గోడ ఎంతసేపు నిలవాలో నిర్ణయించింది కూడా ఆయనే కదా. ఆ లెక్కను గౌరవించకుండా ఆయన్ను వేడుకున్నాను, అంతే.

మూడు వారాలకు కట్టు విప్పాం. వేలు మిగిలింది కానీ సగమే వంగింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"గరిటెలు నేను చెక్కతాను. సన్నపని కదా, ఫోర్కులు మా కోడలు చెక్కుద్దిలే."