మూర మల్లెపూలు

వై2కే పనికని సింగపూర్ వెళ్లిన కొత్తల్లో, యూ టీ అనే పేటలో మిరియమ్ ఆంటీ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ యూదురాలు. చిన్నప్పుడు వియన్నా నుంచి ఒంటరిగా ఇంగ్లండ్ చేరి, పెళ్లయ్యాక భర్తతో ఇక్కడికొచ్చి స్థిరపడిందట. హాల్లో నీలం గౌను వేసుకున్న ఒక పాప రంగుల చిత్రం ఉండేది. ఎవరని నేనెప్పుడూ అడగలేదు.

ఒక ఆదివారం లిటిల్ ఇండియా నుంచి మూర మల్లెపూలు తెచ్చి ఆంటీకిచ్చాను. ఆవిడది పొట్టి జుట్టు. పెట్టుకోవడానికి వీల్లేక ఆ పటానికి వేసింది.

"ఆ పాప ఎవరాంటీ?"

"నేనే. తొమ్మిదేళ్లప్పుడు."

నాకు కంగారేసింది. "అయ్యయ్యో, తీసెయ్యండి! మావైపు పోయినవాళ్ల పటానికే దండ వేస్తాం."

ఆవిడ తీయలేదు. ఒకవైపుకి జారిన పూలని సరిచేసింది.

"ఇది గీస్తున్నప్పుడు నన్ను నవ్వించాలని తమ్ముళ్లిద్దరూ ఎదురుగా నిలబడి వెక్కిరిస్తున్నారు. అమ్మ వాళ్లని కసురుతోంది. యుద్ధంలో అందరూ పోయారు. ఈ పిల్ల కూడా వాళ్లతోనే పోయింది. ఉండనీ లాహ్," అంది సింగపూర్ వాళ్ల యాసలో.

తర్వాతి ఆదివారం ఆవిడ అడగకుండానే మరో మూర కొన్నాను.