కడిగిన కొద్దీ గట్టిపడిన ముగ్గు

మా అత్తమ్మ పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆ మంగళవారం పొద్దున మా ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి, గడప అవతలే చెప్పులు విడిచి, "అమ్మ పోయిందే" అన్నాడు. ఆయన వెనకే వచ్చిన పెద్దలు నా మొహం చూడలేదు, నేల చూశారు. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు ఉండకూడదు. మా గుమ్మం ముందు ఉంది. "ఆమెను తెచ్చేలోపల తుడిచెయ్యి బిడ్డా" అన్నారెవరో. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ ముగ్గును వదిలించాలని నేను ఆరేళ్లుగా చూస్తున్నాను.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మంచే చెబుతాను, కాకపోతే విసుక్కుంటూ చెబుతాను. విసుక్కోకుండా చెబితే అది మా అత్తమ్మ గురించి అయి ఉండదు.

ఆమె పాలమూరు నుంచి పెళ్లయిన ఏడాదే బొంబాయి వచ్చి, ముప్పై ఏళ్లు కట్టుబడి పనుల్లో సిమెంటు తట్టలు మోసిన మనిషి. కామాటిపురాలో వరుసగా ఒంటిగదులున్న మా చాళ్‌లో కింది అంతస్తు, స్నానాలకూ గిన్నెలకూ ఒక మూల మోరీ, మోరీ పక్కన స్టవ్, స్టవ్ పక్కన పడక, అంతే ఇల్లు. నేను వర్లి పిల్లను. మా అన్నకు మునిసిపాలిటీలో పర్మనెంటు పని. మా ఇంట్లో ఒంటికో సబ్బు, బట్టలకో సబ్బు, గిన్నెలకో పొడి. కాపురానికి వచ్చిన మొదటి పొద్దున పళ్లపొడి అడిగితే అత్తమ్మ నా అరచేతిలో నల్లటి పొడి పోసింది. బొగ్గు, ఉప్పు కలిపి నూరింది. "తోముకో, తెల్లగైతయ్" అంది. తోముకుని అద్దంలో చూసుకుంటే, అప్పుడే ఎవరినో కొరికి వచ్చిన దయ్యంలా ఉన్నాను. ఆ అవతారంతోనే కొత్త కోడలు చాళ్‌లో అందరికీ మొహం చూపించింది.

అక్కడి నుంచి రోజూ ఏదో ఒకటి. చాయ్ కాచిన ఆకు పారేయనిచ్చేది కాదు. సిమెంటు సంచి కాగితం దులిపి, దాని మీద ఆ ఆకు ఎండబెట్టి, మధ్యాహ్నం మళ్లీ కాచేది. వడపోయడానికి మా ఆయన పాత సాక్సు. ఛీ అంటే, "కొత్త సాక్సు కాలికి ఏసుకుంటరు, చాయ్‌కి ఎట్లిస్తరే" అనేది. అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా రెండుగా చీల్చేది. అదీ ఖర్చే అనిపించిన రోజున కాగితం చుట్ట పట్టుకుని పక్కింటి స్టవ్ దగ్గరికి నిప్పుకు పోయేది. చింతపండు పిప్పి ఇత్తడికి, గంజి తలకు, చిరిగిన గోనెసంచి కాళ్లు తుడుచుకోడానికి. ఎంత మొత్తుకున్నా ఒకటే మాట. "లేనిదాన్ని ఉన్నట్టు జేసుకోవాలె బిడ్డా. ఉన్నదాన్ని ఎవరైన జేసుకుంటరు."

ఇదంతా మిల్లులో మా ఆయనకు పగార్ వస్తున్న రోజుల్లోనే. అందుకే నాకు ఒళ్లు మండేది. లేనప్పుడు సర్దుకోమంటే సర్దుకుంటాం, ఉన్నప్పుడు కూడా లేనట్టు బతకమంటే ఎట్లా?

అన్నిటికంటే బూడిద సంగతి నాకు తల కొట్టేసినట్టుండేది. కిరోసిన్ స్టవ్‌కు బూడిద ఉండదు కదా. గిన్నెలు తోమడానికి పొడి కొంటే సరిపోయేది. కొనదు. ఫోరస్ రోడ్డులో కట్టెల భట్టీ ఉన్న బేకరీకి మూడు రోజులకోసారి వనస్పతి డబ్బా పట్టుకుని వెళ్లి, వెనక తలుపు దగ్గర నిలబడి బూడిద తెచ్చేది. బేకరీవాళ్లు ఆమెను రాఖ్‌వాలీ మౌసీ, బూడిద పిన్ని, అని పిలిచేవారు. అదేదో బిరుదులా ఇంటికి వచ్చి చెప్పుకునేది. ఒకరోజు గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి నడిచి వస్తున్న మా అన్న ఆమెను అక్కడ చూశాడు. జుట్టంతా బూడిద, చేతిలో డబ్బా. ఇంటికొచ్చి నెమ్మదిగా, "మీ అత్త బూడిద అడుక్కుంటుందా చెల్లె?" అన్నాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

ఆ సాయంత్రం ఆమెను నిలదీశాను. అత్తమ్మ డబ్బా మూత బిగిస్తూ, "అడుక్కునుడు ఏందే? ఆళ్లకు కచరా, మనకు సామాను. పారబోసే పని తప్పిస్తున్న ఆళ్లకు" అంది. మళ్లీ నా వైపు చూసి, "బూడిదతోని తోమితే మెరవంది లోకంల ఏది లేదు. నీ మొఖం గూడ మెరుస్తది, ఆ మాడ్చుడు బంద్ జేస్తే" అంది. ఆమెతో వాదించడం గోడకు చెప్పుకున్నట్టే. గోడ కనీసం ఎదురు చెప్పదు.

తర్వాత మిల్లుల సమ్మె వచ్చింది. నెల అనుకున్నది మూడు నెలలైంది, నాలుగైంది. మా ఆయన పొద్దున్నే నాకా మీద, కూలీల అడ్డాకు వెళ్లి వాళ్ల మధ్య నిలబడేవాడు. పని దొరికితే సంతోషం, లేకుంటే పదింటికి తిరిగొచ్చి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అప్పుడు చూడాలి మా గల్లీని. సాక్సు చాయ్ అని ముక్కు మూసుకున్న ఆడవాళ్లంతా ఒక్కొక్కరే డబ్బాలు పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చారు. బొగ్గుపొడిలో ఉప్పు ఎంత, ఆకు ఎన్నిసార్లు కాయొచ్చు, అన్నీ అడిగారు. ఎంగిలి చేత్తో కాకిని తోలదని వాళ్లంతా అనుకున్న మనిషి, బూడిద కూర్చుని పంచింది. బాగా నవ్విన వాళ్లకు ఒక పిడికెడు ఎక్కువే పెట్టేది. అది మంచితనమో దెప్పడమో నాకు ఇప్పటికీ తెలియదు.

నా ఓపిక మాత్రం ఒక సబ్బు దగ్గర అయిపోయింది. అప్పటికి నా కూతురు ఆరు నెలలది. నా పురుడప్పుడు అన్న తెచ్చిన వాసన సబ్బు ఒకటి ట్రంకు పెట్టెలో బట్టల మధ్య దాచుకున్నాను. వాడటానికి కాదు, మూత తీసినప్పుడల్లా ఆ వాసన కోసం. ఒకరోజు మోరీ దగ్గరికి పోతే ఆ సబ్బు దారంతో నాలుగు ముక్కలుగా కోసి ఉంది. ఒక ముక్కతో అత్తమ్మ నా కూతురి గుడ్డలు ఉతుకుతోంది. "పెట్టెల పెడితే ఎలకలు తింటయ్" అంది, అంతే. నేను ఏడ్చి, అన్నకు కబురు పెట్టాను. ఆదివారం వచ్చి నన్నూ పిల్లనూ తీసుకుపో, సమ్మె తీరేదాకా ఇక్కడ ఉండలేను అని. అత్తమ్మకూ చెప్పాను. ఆమె ఒక్క మాట అనలేదు. అది ఇంకా మండించింది నన్ను.

ఆదివారం పొద్దున లేచి చూస్తే గుమ్మం ముందు బండల మీద పెద్ద తామరపువ్వు ముగ్గు. నాలుగు నెలలుగా మా ఇంటి ముందు ముగ్గు లేదు. ముగ్గుపిండికి పైసలు పెట్టేదెవరు? "అత్తమ్మా, పిండి ఎక్కడిది?" అన్నాను. పని దగ్గర మొజాయిక్ గచ్చు వేస్తుంటే చిరిగిన సంచిలోంచి కింద పోయిన తెల్లపొడి ఊడ్చి కొంగులో కట్టి తెచ్చిందట. "మార్బుల్ పొడి. ముగ్గుకు గంతకన్న ఏం గావాలె? నీ అన్న వస్తుండు గదా, ఉత్త గడప జూపిస్తమా" అంది. పువ్వు ఒక పక్క ఒక రేక కలవలేదు. అది వేస్తుండగానే కుళాయి వచ్చిందని బిందె పట్టుకుని పరుగెత్తిందట.

ఇక చాళ్‌లో అందరి బిందెల నీళ్లూ దాని మీదే కారాయి. ఎండ వచ్చాక చూస్తే ముగ్గు చెదరలేదు. కాలితో రాస్తే పోలేదు. గోటితో గీరితే గోరు అరిగింది. అత్తమ్మ ఒక బకెట్ నీళ్లు గుమ్మరించింది. నేను ఇంకో బకెట్. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని కొబ్బరి పీచుతో రుద్దాం, నీళ్లు పోశాం, మళ్లీ రుద్దాం. పై అంతస్తులో ఉండే అత్తమ్మ తమ్ముడు, నేను మామా అని పిలిచే తాపీ మేస్త్రీ, మేడ దిగివచ్చి కాసేపు చూశాడు. ఆమె కొంగున మిగిలిన పొడి వేళ్ల మధ్య నలిపి, "అక్కా, గిది మార్బుల్ పొడి గాదే. తెల్ల సిమెంటు" అన్నాడు.

అత్తమ్మ పీచు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. జీవితమంతా బూడిదరంగు సిమెంటు మోసింది. తెల్లది మేస్త్రీల చేతుల్లోనే ఉంటుంది, ఆమె తట్టలోకి ఎప్పుడూ రాలేదు.

"ముప్పై ఏండ్లు గోడలకు నీళ్లు కొట్టినవు. ఇప్పుడు ముగ్గుకు గూడ కొడ్తున్నవా?" అన్నాడు మామ. "కడిగిన కొద్ది గట్టిపడ్తది, నీకు తెల్వదా?"

చాళ్ చాళంతా నవ్వింది. నేను నవ్వలేదు. నా కడుపులో ఉన్నదంతా అప్పుడే కక్కాను. చారెడు ముగ్గుపిండి కొనుంటే ఏం పోయేది, ఈ బూడిదలు, ఈ సాక్సులు, నా సబ్బు, ఇదేం బతుకు అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె తడి బండల మీదే కూర్చుని, తల ఎత్తకుండా, "నువ్వు పోవద్దని ఏసిన బిడ్డా. అడుగుడు నాకు రాదు" అంది.

బేకరీ వెనక తలుపు దగ్గర బూడిద అడగడానికి సిగ్గుపడని మనిషి, నన్ను ఒక్క మాట అడగలేకపోయింది. అంతలో అన్న వచ్చాడు. చీర ఎగదోపి, మోచేతుల దాకా మురికితో ఉన్న నన్ను చూసి, "తయారు కాలేదా చెల్లె?" అన్నాడు. "ఇది ఊడినంక వస్త అన్నా" అన్నాను.

అది ఊడలేదు. నేను వెళ్లలేదు. అన్న ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే, "ఊడిందా చెల్లె?" అని అడిగేవాడు. "ఊడలే అన్నా." ఆ మిల్లు మళ్లీ తెరవలేదు, మా ఆయన చిన్న దుకాణంలో పనికి కుదిరాడు, పిల్ల బడికి పోయింది, మా మాట మాత్రం మారలేదు.

అత్తమ్మ సిగ్గు వారం కూడా నిలవలేదు. "ఇగ జన్మల ముగ్గు కొనే పని లేదు" అని చాళ్ అంతా చాటింది. దీపావళికీ అదే తామరపువ్వు, ఉగాదికీ అదే. ఇరుగుపొరుగు వాకిళ్లలో రంగురంగుల ముగ్గులు, మా ముందు కాళ్ల మురికికి నల్లబడి గారపళ్లలాంటి రేకలు. ఏటా పండగకు ముందు మామను ఉలి తెమ్మని బతిమాలేదాన్ని. ఆయన తెచ్చేవాడు. అత్తమ్మ వచ్చి సరిగ్గా పువ్వు మధ్యలో నిలబడి, "నేను పోయినంక పలగ్గొట్టుకోండ్రి" అనేది. ఆ మొండితనానికి నా తల ప్రాణం తోకకు వచ్చేది.

అత్తమ్మ పోయిన ఆ మంగళవారం మామ ఎవరూ చెప్పకుండానే ఉలి, సుత్తి తెచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి. "అంటు ఇంట్ల ముగ్గు ఉంటే అక్కకు మంచిగుండదు బిడ్డా" అంటూ కూర్చుని, ఆ కలవని రేక దగ్గర ఉలి ఆనించాడు. ఆరేళ్లుగా నేను కోరింది అదే. ఆపేవాళ్లు కూడా లేరు. సుత్తి లేచింది.

"ఆగు మామా" అన్నాను.

లోపలికి వెళ్లి మోరీ పక్క నుంచి వనస్పతి డబ్బా తెచ్చాను. జబ్బు పడడానికి ముందు ఆమె చివరిసారి తెచ్చిన బూడిద, మెడ దాకా ఉంది. డబ్బా బోర్లించి, తామరపువ్వు మీద అరచేతులతో అంచుల దాకా పరిచాను. తెలుపు ఒక్క గీత కూడా కనబడలేదు. మామ ఉలి పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"ఇగ కనబడ్తదా?" అన్నాను.

"కనబడది. గని గిదేం పద్ధతే?"

"ఉన్నదాన్ని లేనట్టు జేసిన మామా. ఆమె నేర్పిందే."

ఆయన ఉలిని సంచిలో పెట్టి, మొహం కప్పుకుని అక్కడే ఏడ్చాడు. ఆ బూడిద మీదుగానే ఆమెను లోపలికి తెచ్చారు, దాని మీదుగానే తీసుకుపోయారు. పదకొండు దినాలు వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని కాళ్లతో నూరుతూనే ఉన్నారు.

నిన్న దినాలు అయ్యాక ఇల్లు కడుక్కోమన్నారు. అన్న గుమ్మం పక్కన నిలబడ్డాడు. నేను బకెట్ పోసి, పీచు తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. బూడిద ఏం చేస్తుందో, ఇన్నేళ్లు ఆమె నోట విని కూడా మరిచిపోయాను. బూడిద నీళ్లు కారిపోయాక చూస్తే, ఆ ఆదివారం పొద్దున వేసినంత తెల్లగా, ఒక్కో రేక, ఒక్కో చుక్క. బిందె కోసం పరుగెత్తిన చోట ఆగిపోయిన గీత కూడా.

అన్న ఈసారి ఏమీ అడగలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచి లోపలికి పోయాడు. డబ్బా ఖాళీగా నా పక్కన పడి ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుని, దాన్ని చంకలో పెట్టుకుని, నేను ఫోరస్ రోడ్డు బేకరీ వైపు బయలుదేరాను.