నాకు ఎండ, ఊరికి వాన

ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకమంతా పనులు మానుకుని నేను చదవబోయే ఒక్క అక్షరం కోసమే ఎదురుచూస్తోందని! కామారెడ్డిలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పే కాంట్రాక్టు ఉద్యోగం నాది. మిగతా పొద్దంతా ఎవరికీ కొరుకుడుపడని ఒక పాత లిపితో కుస్తీ. (పెళ్లిచూపులకు తీసుకెళ్తే పిల్లను వదిలేసి గడప రాయిని చూస్తానని మా అక్క అందరికీ చెప్పుకుని ఏడ్చేది.) ఒక్క అక్షరం తప్ప లిపంతా పట్టుబడింది; దాన్నీ ఇదేనని పోల్చుకున్నాను గానీ రుజువు లేదు. మా గురువుగారు మాత్రం కరగలేదు. "ఆ అక్షరం సాఫ్‌గా కనబడేటట్టు రాతి మీంచి తీసిన నకలు తే, చేత్తోని గీసింది చెల్లదు. ఎల్లుండి చరిత్రకారుల సభల నీ తరఫున నేనే మాట్లాడ్త. లేకుంటే ఇదంత నీ ఖయాలే, ఉత్త ఊహే అంటరు" అన్నారు. ఆ అక్షరం ఎల్లారెడ్డి అవతల ఒక పల్లెలో, పొలం గట్టు మీది రాతిపై ఉందని తెలిసి పరుగెత్తాను.

తీరా చూస్తే ఆ రాయి పసుపూ కుంకుమా పూసుకుని పోచమ్మై కూర్చుంది. పొలం గల అవ్వతో నసుగుతూ చెప్పాను. "అవ్వా, రాయి కడగాలె. తడి కాగితం అంటించి, బ్రష్షుతోని కొట్టి, సిరా అద్దాలె. ఆరినంక ఊడదీస్త." తిట్లు పడతాయనుకుంటే ఆమె మొహం వెలిగిపోయింది. "కడుగుతవా బిడ్డా? ఎన్ని బిందెలు గావాలె?"

సంగతేమిటంటే, వానలు మొహం చాటేస్తే ఆ తల్లికి నీళ్లు పోయడం అక్కడి ఆనవాయితీ. నారు ఎండిపోతున్నా, ముందు బిందె ఎవరు పోయాలని రెండు వాడలకూ పేచీ. మధ్యలో ఏ వాడకూ చెందని నేను దొరికాను!

"ఇది వాన కోసం కాదవ్వా, అక్షరం కోసం" అని మొత్తుకున్నాను.

"ఏదైతేంది బిడ్డా, నీళ్లయితే పోస్తున్నవు గద!"

ఆడవాళ్లు పాటలు పాడుతూ బిందెలందించారు. పసుపు కరిగేకొద్దీ అక్షరాలు తేలాయి. అదిగో, నా అక్షరం! కాగితం అంటించి బ్రష్షుతో కొట్టాను. "మెల్లగ కొట్టు, తల్లికి నొస్తది" అని అవ్వ గదమాయించింది. సిరా అద్దగానే నల్లటి కాగితం మీద అక్షరం తెల్లగా మెరిసింది. ఇక ఆరడమే తరువాయి. అంతలో పడమటి నుంచి మబ్బు లేచింది.

ఊరంతా చేతులు జోడించి "కురువు తల్లీ" అంటోంది. నేనొక్కణ్నే లోలోపల "ఒక్క అరగంట ఆగు తల్లీ" అని బతిమాలుతున్నాను. ఎండిన నారు చూస్తే సిగ్గేసేది, కాగితం చూస్తే ఆ సిగ్గు కాస్తా ఎగిరిపోయేది. ముక్కు మీద చినుకు పడింది. గబగబా చొక్కా విప్పి రాతి మీద కప్పాను.

"అంగి తొడుక్కో బిడ్డా, సలి పెడ్తది."

"కాగితం తడుస్తదవ్వా!"

"తడువనీ తియ్యి. మేం ఎండుతున్నం గద!"

కుండపోత. కాగితం ముద్దయింది, సిరా తల్లి చెంపల మీదుగా కారిపోయింది. నేను భోరుమన్నాను. అవ్వ కొంగుతో నా మొహం తుడిచి, "ఎంత భక్తి బిడ్డా నీది!" అంది. మర్నాడు మళ్లీ బతిమాలితే, "తల్లి కనికరించింది. మల్ల వానలు తప్పేదాక ముట్టద్దు" అని తేల్చేసింది. సభలో నేను ఉత్త చేతులతో నిలబడితే గురువుగారు పైకప్పు వంక చూస్తూ కూర్చున్నారు.

చాలా ఏళ్లకు బిచ్కుంద వైపు మరో రాతి మీద అదే అక్షరం దొరికింది. నేను చదివిందే ఒప్పని తేలి, పుస్తకాల్లో అడుగున చిన్న అక్షరాల్లో నా పేరెక్కింది. ఆ పల్లెలో మాత్రం నేను "వాన సారు"నే.

నిన్న అవ్వ కొడుకు ఫోన్ చేశాడు. "సారూ, నారు ఎండుతున్నది. అవ్వ మిమ్మల్నే రమ్మంటున్నది." ఇవాళ ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఖాళీ ఆకాశం చూస్తుంటే, అరగంట కోసం ఏడ్చిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది, జాలీ వేసింది. బ్రష్షూ, సిరా, కాగితం చుట్టా ఇంట్లోనే వదిలేసి వచ్చాను. "ఆగకు తల్లీ" అనుకున్నాను.