ఐదు నిలువుల నుయ్యి

గజపతినగరం దగ్గర మా ఊళ్ళో, మా పెరటి నుయ్యి పూడ్పించేయాలని ఈ వైశాఖంలో అనుకున్నాను. చుట్టూ బోర్లు పడ్డాక దానిలో నీరు లేదు. కిందటి వానలకు గట్టు ఒక పక్క బయటికి కూలింది. ఆ పక్కనుంచే బడి పిల్లల దారి. బడి తెరిచేలోగా పని అయిపోవాలి.

నేను ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. ఊళ్ళో ఎవరు గోడ కట్టినా, గాదె కట్టించినా ఎంత పడుతుందో నన్నే అడిగేవారు. ఇప్పుడు ఫోనులో చూసుకుంటున్నారు. మా గుమ్మం ఎవరైనా ఎక్కితే ఆ రోజు క్యాలెండరులో చిన్న గీత పెడతాను. చైత్రంలో రెండు గీతలు. అందుకే ఈ నూతి లెక్కలో తేడా రాకూడదని పట్టుబట్టాను. టీచరమ్మ లెక్క తప్పదన్న మాట ఒక్కటే ఊళ్ళో నాకు మిగిలింది.

వ్యాసం కొలవబోతే మొదటి ఇబ్బంది తెలిసింది. టేపుకు రెండు కొసలుంటాయి. నలభై ఒక్క ఏళ్ళు రెండో కొస మా ఆయన పట్టుకున్నారు. ఆయన పోయి ఆరు వేసవులైంది. కొస మీద ఇటుక పెట్టి గట్టు చుట్టూ అవతలికి వెళ్ళేసరికి ఇటుక ఒరిగి, టేపు సర్రున చుట్టుకుని నా చేతిలోకే వచ్చేసింది. రెండోసారీ అంతే. చివరికి మేకు కొట్టి తగిలించాను. ఆరడుగులు.

లోతు కొలవలేదు. నా నోటు పుస్తకంలో నా దస్తూరీలోనే ఉంది: ముప్పై అడుగులు.

అది నా పెళ్ళయిన మొదటి వేసవిలో రాసింది. ఆయన పూడిక తీయడానికి దిగే ముందు చేంతాడు కొసను మడమ కింద తొక్కిపట్టి, నడినెత్తి దాకా సాగదీసి ముడి వేసేవారు. అది ఒక నిలువు. ఆ ముడి కొలతతో తాడు పొడవునా ముడులు వేసి లోపలికి వదిలి లెక్కపెట్టేవారు. మా వైపు నూతులన్నీ అలాగే కొలిచేవారు. ఆ రోజు పైకి వచ్చి, ఒళ్ళంతా బురదతో నా పుస్తకంలోకి తొంగి చూశారు.

"ఐదు నిలువులున్నాది. రాసీసినావేటే పంతులమ్మా?"

నిలువంటే ఆరడుగులని మా పుట్టింట్లో నేర్చుకున్నాను. ఐదార్లు ముప్పై అని రాశాను. తర్వాత ప్రతి వేసవీ ఆయన ఐదు నిలువులనే చెప్పారు, నేను ముప్పై అనే రాశాను.

ఆరడుగుల వ్యాసానికి వైశాల్యం ఇరవై ఎనిమిదింపావు చదరపుటడుగులు. ముప్పై అడుగుల లోతుకు ఇంచుమించు ఎనిమిది వందల యాభై ఘనపుటడుగులు. ట్రాక్టరు తొట్టి లోపల కొలిచాను: పది పొడవు, ఐదు వెడల్పు, రెండు ఎత్తు. సమంగా నింపితే వంద. ఎనిమిదిన్నర లోడ్లు గ్రావెల్ కావాలని ట్రాక్టరతనికి చెప్పాను. అతను మా ఊరివాడే, ఒకప్పుడు నా దగ్గర చదివాడు. ఇప్పుడు అతనికీ జుట్టు నెరిసింది.

"అర లోడేటి టీచరమ్మా? ట్రాక్టరుని సగానికి కోసి తేవాలేటి?"

సగమే తెమ్మన్నాను. తెచ్చాడు. నీళ్ళు కొడుతూ రెండు రోజులు పోయించాను. నుయ్యి గట్టు దాకా నిండింది. పక్కన ఇంకా పెద్ద కుప్ప మిగిలింది. అతను పార భుజాన పెట్టుకుని నూతి వంకా కుప్ప వంకా చూశాడు. నవ్వలేదు. వానకు దిగుతుందిలే, ఉంచమన్నాడు. అతను నవ్వి ఉంటే బాగుండేది.

రెండు వానలు పడేదాకా ఆగాను. నాలుగు వేళ్ళు దిగింది. దాన్ని సరిచేశాక కూడా కుప్ప కుప్పగానే ఉంది.

కుప్పను కొలవడానికి రెండో మనిషి అక్కర్లేదు. తాడు కొసను పుల్లకు కట్టి, పుల్లను గుచ్చి, కుప్ప చుట్టూ నడిచి వస్తే చాలు. ముప్పై ఆరడుగులు. కొన మీంచి ఇనుప ఊచను నేల తగిలేదాకా దించాను. మూడున్నర. చుట్టుకొలతను దానితోనే గుణించి, ఎత్తుతో గుణించి, శంకువు సూత్రం ప్రకారం ముప్పై ఏడు పాయింట్ ఏడుతో భాగించాను. నూట ఇరవై ఘనపుటడుగులు.

గుమ్మంలో కూర్చుని మూడుసార్లు చేశాను. నూట ఇరవై అంటే ఆ నూతిలో నాలుగడుగుల మూడంగుళాల లోతు. నూతిలో లేని ఆ లోతును ఇన్నేళ్ళూ పుస్తకంలో మోశాను. ఎక్కడ తప్పానో వెతికితే వ్యాసం సరే, తొట్టి సరే, అడుగున పూడిక గ్రావెల్ పోసే ముందే తీయించాను. మిగిలింది నిలువు. ఆ తేడాను ఐదు నిలువులకు పంచితే నిలువుకు పదంగుళాలు. ఆరడుగుల్లో పదంగుళాలు తీస్తే ఐదడుగుల రెండంగుళాలు.

ఆయన ఎత్తు అది. నా పుస్తకాల్లో గేదె ఎత్తుంది, తలుపుల ఎత్తుంది, ఆయనది లేదు. ఫొటో భుజాల వరకే ఉంది.

సుద్దముక్కతో తలుపు చెక్క మీద ఐదడుగుల రెండంగుళాల దగ్గర గీత గీసి, పక్కన నిలబడ్డాను. నా నెత్తి మీద అరచెయ్యి పెట్టి చూసుకుంటే గీత నా చేతికి రెండు వేళ్ళంత పైన ఉంది. ఈ ఆరేళ్ళలో నా జ్ఞాపకంలో ఆయన దూలం అందేంత మనిషైపోయారు.

మర్నాడు ట్రాక్టరతను మిగిలింది ఎత్తుకుపోవాలా అని అడగడానికి వచ్చాడు. అతను అడక్కముందే చెప్పాను.

"లెక్క తప్పిందిరా."

"ఎవరికి తప్పదండీ. ఆ కుప్ప తీసీమంటారా?"

"ఉండనీ."

అతను వెళ్ళాక క్యాలెండరులో గీత పెట్టాను. పుస్తకం తీసి ముప్పై కొట్టేసి, ఇరవై ఐదడుగుల పదంగుళాలని రాశాను. నా పుస్తకంలో ప్రతి కొలత పక్కనా ఇద్దరు ఉంటారు, కొలిచినవారు, గుణించినవారు. కొలిచినవారి దగ్గర ఆయన పేరు అలాగే ఉంచాను. ఆయన ఐదు నిలువులన్నారు, అవి ఐదే. గుణించినవారి దగ్గర నా పేరు కింద ఎర్ర సిరాతో తప్పు గుర్తు పెట్టాను.